ఏడో నంబరు బూట్లు

నేను వాచీ దొంగనని న్యాయమూర్తులకు ఆన్‌లైన్‌లో పాఠం చెబుతున్నారు. నేను దొంగను కాను. అసలు సంగతి ముందే రాసేశాను, ఎందుకంటే నా వయసువాళ్ళు ఆ సంగతికి వచ్చేలోగా చదివేవాళ్ళు పేజీ తిప్పేస్తారు.

సినిమావాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే ఇటు వస్తున్న రోజులవి. జూబ్లీహిల్స్‌లో అప్పటికి ఇళ్ళకన్నా బండరాళ్ళే ఎక్కువ. నేను రహమత్ నగర్ నుంచి నడిచి వచ్చి, గుంపులో నిలబడే వేషాలు వేసేవాణ్ణి. "నువ్వు నటించకు, నిలబడు చాలు" అని ప్రతి దర్శకుడూ చెప్పేవాడు (నిలబడటంలో మాత్రం నాకు వంక పెట్టినవాడు లేడు). బడికి వెళ్ళింది తక్కువ. నా చదువంతా కోర్టు సెట్లోనే. అక్కడి బీరువాలో పై వరస పుస్తకాలు అట్టముక్కలే గాని, కింది వరసవి అసలైన లా పుస్తకాలు. షాటుకీ షాటుకీ మధ్య ఒక్కొక్కటీ తీసి కూడబలుక్కునేవాణ్ణి (అందుకే నాకు తెలిసిన చట్టమంతా లైట్లు మార్చేంతసేపు చదివిందే).

ఒకరోజు నాకు కోర్టు బంట్రోతు వేషం ఇచ్చారు. బట్టలిచ్చే ఆయన ఒక జత బూట్లు నా ముందు పడేసి, "ఏడో నంబరే ఉంది, సర్దుకో" అన్నాడు. నా పాదం తొమ్మిది. సర్దుకున్నాను. మధ్యాహ్నానికి హీరోగారి వాచీ కనబడలేదు. ఆయన కుర్చీ పక్కన పొద్దుటినుంచీ నిలబడి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రొడక్షన్ మేనేజరు గోదావరి జిల్లా మనిషి, వచ్చి నా మొహంలో మొహం పెట్టాడు.

"వాచీ ఎక్కడ పెట్టావురా?"

"నేను తీయలే సార్."

"తీయకపోతే ఆ మెలికలేంటి? ఆ చెమటేంటి? చూడండయ్యా, దొంగ మొహం అంటే ఇలా ఉంటుంది."

మెలికలు నిజమే. కాలివేళ్ళు మండిపోతుంటే మనిషి తిన్నగా నిలబడతాడా. కానీ బూటు కరుస్తోందన్నవాడికి మర్నాడు వేషం ఉండదు. అది రాయని చట్టం, నాకు బాగా తెలిసింది అదొక్కటే. పళ్ళు బిగించి, "నేను తీయలే" అని అంటూనే ఉన్నాను. అన్నకొద్దీ నా మొహం ఇంకా దొంగమొహంగా మారింది.

కోర్టు సీనుకు సలహా చెప్పడానికని ఒక రిటైరైన జడ్జిగారిని పిలిపించి, మడత కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు (ఆయన సలహా ఒక్కటీ ఎవరూ వినలేదు). ఆయన లేచి వచ్చి, "బాబూ, ముందు ఆ బూట్లు విప్పు" అన్నారు. విప్పాను. రెండు చిటికెన వేళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయి. "ఇప్పుడు చెప్పు" అన్నారు. "నేను తీయలే సార్" అన్నాను. కంఠం వణకలేదు, ఒళ్ళు కదలలేదు. కాసేపటికి వాచీ హీరోగారి మేకప్ పెట్టెలోనే, పౌడరు డబ్బా కింద దొరికింది. మేనేజరు నాకు చెప్పిన క్షమాపణ యథాతథంగా ఇది: "సర్లే, బూట్లు తొడుక్కో, షాట్ రెడీ."

తరువాత ఆ పెద్దాయన కొత్త జడ్జిలకు పాఠాలు చెప్పేచోట చేరి, నాకు కబురు పెట్టారు. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా నేను ఏడో నంబరు బూట్లు తొడుక్కుని వాళ్ళ ముందు నిలబడి, "వాచీ నేను తీయలేదు" అని చెప్పేవాణ్ణి. అబద్ధమని దాదాపు అందరూ రాసుకునేవారు. అప్పుడాయన "బూట్లు విప్పు" అనేవారు. హాలంతా చప్పుడు లేకుండా పోయేది. ఆ నిశ్శబ్దం కోసమే నేను అన్నేళ్ళు వెళ్ళాను.

పెద్దాయన పోయారు. పాఠాలు ఆన్‌లైన్‌కు వెళ్ళాయి. వీడియో తీసినతను, "నడుము పైకే వస్తది ఫ్రేము. బూట్లు విప్పుడు వద్దు తాతా, టైము లేదు" అన్నాడు. ఆ ముక్క తరువాత మాటల్లో కలుపుతారనుకున్నాను (సినిమా బుద్ధి, అన్నీ డబ్బింగులో సర్దుకుంటాయనుకుంటాం). మొన్నీమధ్య ఫిలింనగర్ టీకొట్టు దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపి, తాను కొత్తగా జడ్జి అయ్యానని చెప్పింది.

"మీరు ఆ అబద్ధపు సాక్షి కదండీ? మిమ్మల్ని కనిపెట్టినందుకు నాకు పూర్తి మార్కులొచ్చాయి."

టీ సగంలోనే వదిలేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ బియ్యం ఏరడం ఆపకుండానే, "వయసుల ఉన్నప్పుడు నిర్దోషివైతివి, ముసలితనంల మళ్ల దొంగవైతివా? ఊకో, గది ఎవరు చూస్తరు" అంది. "జడ్జిలు చూస్తరు" అన్నాను. ఏరడం ఆపింది.

జడ్జిలకు పాఠాలు చెప్పే ఆఫీసుకు ఉత్తరాలు మొదలుపెట్టాను. ఇంట్లో కూర్చుని నేర్చుకోండి, ఎవరొద్దన్నారు, నేను నేర్చుకున్నది మాత్రం బళ్ళోనా అని రాశాను. కానీ మనిషిని నడుము దగ్గర కోసి, పై సగం చూసి తీర్పు చెప్పమంటే, కింది సగం మాట ఎవరు వింటారని నిలదీశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి "అందినది" అని ఒక్క మాట వచ్చింది. మూడోసారి కాగితం మీద నా పాదం పెట్టి చుట్టూ గీత గీసి, ఆ బొమ్మ మీదే ఏడో నంబరు బూటు పెట్టి ఇంకో గీత గీసి పంపాను. బూటు గీత దాటి వేళ్ళు బయటికి వచ్చాయి. ఇంతకన్నా సాక్ష్యం ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఆ పాదాన్ని గీస్తుంటే నాకు నవ్వొచ్చింది. అప్పుడే "సార్, బూటు కరుస్తుంది" అని ఒక్క మాట అని ఉంటే ఆ రోజే అయిపోయేది. అననందుకు ఇన్నేళ్ళుగా అదే మాట చెప్పుకుంటూ తిరుగుతున్నాను. నిన్న జవాబొచ్చింది.

"అయ్యా, తమరు పంపిన పాదం బొమ్మను పరిశీలించడమైనది. తమరు నిజమే చెప్పారని గుర్తించి, సదరు పాఠాన్ని తొలగించాము. తల నుంచి పాదాల వరకు కనబడేలా మళ్ళీ చిత్రీకరిస్తాము, వచ్చే సోమవారం రాగలరు. తమ వయసు దృష్ట్యా ఈసారి తొమ్మిదో నంబరు బూట్లు ఏర్పాటు చేశాము. నొప్పిని మాత్రం తమరు నటించవలసి ఉంటుంది."