గోడమీది డప్పు

మా నాయిన వేళ్లు ఒకచోట నిలిచేవి కావు. అన్నం తింటుంటే కంచం అంచుమీద, చర్చిలో కూర్చుంటే బల్లమీద, ఏమీ దొరక్కపోతే తన తొడమీదే టకటకలాడేవి. "నీ చేతులకు కుదురు లేదా?" అని అమ్మ కసిరేది. ఆగేవి. అమ్మ అటు తిరగ్గానే మళ్లీ మొదలయ్యేవి.

నాయిన డప్పు కొట్టే మనిషి. కోదాడకు దగ్గర్లోనే మా ఊరు. మా మాదిగవాడలో ఆయన సిర్ర పుల్ల పట్టి దరువు వేస్తే, అది ఎవరి చెయ్యో పక్క ఊరివాళ్లు కూడా చెప్పేవాళ్లు. అయితే ఆ చేతి మీద పెత్తనం ఆయనది కాదు, ఊరి దొరది. దొర గడీలో పెళ్లయినా, ఊళ్లో చాటింపయినా పిలుపు వస్తే జ్వరంతో ఉన్నా పోవాల్సిందే. కూలి లేదు. తిట్లు మాత్రం లోటు లేకుండా దొరికేవి.

మాది నిజాం ఇలాకా. ఇంగ్లీషోళ్ల జెండా మా ఊళ్లమీద ఎగరలేదు. అయినా వాళ్ల మనుషులు వచ్చారు. సూర్యాపేటలో ఆడపిల్లల బోర్డింగు నడిపే తెల్ల దొరసాని పాస్టరును వెంటబెట్టుకుని మా వాడకు వచ్చింది. ఏసులో కలిసినవాళ్లు గడీకి పోయి డప్పు కొట్టక్కర్లేదు, పిల్లలకు చదువు చెప్పిస్తామంది. వాడంతా ఒక్క మాటమీద కలిసింది. మోక్షం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు వెట్టి తప్పుతుంది కదా అనుకున్నారు మావాళ్లు. మా నాయనమ్మ ఒక్కతే మొండికేసింది.

"కాటికి కాళ్లు సాపినంక నాకు కొత్త దేవుడెందుకురా?" అంది నాయినతో. "నువ్వు కలువు. నేను సచ్చిననాడు మాత్రం డప్పు లేకుండ మట్టిల పెట్టకు. గంతే."

"పెట్టనవ్వా" అన్నాడు నాయిన. తల్లిని ఆయన అవ్వా అనే పిలిచేవాడు.

బాప్తిస్మం రోజున గడీ డప్పు ఒక్కటే కాదు, అన్ని డప్పులూ మానాలని తెలిసింది. అవి సాతాను వాయిద్యాలట. వాడలోని డప్పులన్నీ తెచ్చి చర్చి ముందు కుప్ప పోయించి అంటించారు. వెట్టి పోయిందని మగవాళ్లు నవ్వుతున్నారు, పొగకు కళ్లు తుడుచుకుంటున్నారు. అది పొగ వల్లేనా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఎవరైనా మళ్లీ డప్పు కొడితే సంఘంలోంచి పేరు కొట్టేస్తామనీ, వాళ్ల పిల్లలకు బోర్డింగు ఉండదనీ పాస్టరు చెప్పాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే నన్ను సూర్యాపేట బోర్డింగులో చేర్చారు. ఒకరోజు దొరసాని బంగళా ఊడ్వమంటే ముందు గదిలోకి పోయాను. గోడమీద, గుడ్డమీద కుట్టిన పువ్వుల పటం పక్కన, మా నాయిన డప్పు! చట్రం ఒకవైపు పగిలితే నాయిన ఇనుప పట్టీ వేశాడు. ఆ పట్టీని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. అన్నిటినీ కాల్చి, ఇదొక్కటి బాగుందని దొరసాని ఉంచుకుందన్నమాట. మా చేతుల్లో సాతానుది, ఆమె గోడమీద అలంకారం. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దాన్ని కోపం అనడానికి కూడా నాకు ధైర్యం లేదు. నాకు కళ్లు పుసులు కట్టి తెరవలేకపోతే పొద్దూ మాపూ మందు వేసి బాగుచేసింది ఆమే.

నాయిన చూడ్డానికి వచ్చినప్పుడు చెప్పాను. కోపంతో ఊగిపోతాడనుకున్నాను. ఆయన వేళ్లు మాత్రం మోకాలిమీద ఆడుతున్నాయి.

"ఆ గోడకు చెమ్మ ఉన్నదా బిడ్డా?" అన్నాడు. "చెమ్మ తగిల్తే తోలు పాడైతది."

తర్వాతి ఏడాది ఊళ్లన్నీ అట్టుడికాయి. పగలు రజాకార్ల భయం, రాత్రి దళాల భయం. కోదాడ దాటి నిజాం హద్దు అవతలికి బండ్లు కట్టుకుని పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. ఆ గందరగోళంలో నాయనమ్మ పోయింది. నన్ను ఊరికి తీసుకుపోయారు.

శవం వాకిట్లో ఉంది. ఇంటిలోపల అమ్మా నాయినా.

"పక్కూరి నుంచి డప్పులోళ్లను పిలుస్త" అన్నాడు నాయిన.

"పిల్వు. రేపే పేరు కొట్టేస్తరు" అంది అమ్మ. "అవ్వ ఎట్లనో పోయింది. ఇగ బిడ్డ సదువు గూడ పోవాల్నా? అది గూడ దొరల ఇండ్లల్ల పేడ తియ్యాల్నా?"

"మాటిచ్చిన అవ్వకు."

"నాకియ్యలేదా? దానికియ్యలేదా?"

నాయిన నావైపు చూశాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. నాకు చదువు కావాలి. నాయనమ్మకు డప్పూ కావాలి. రెండూ కావాలని అడిగే నోరు లేదు. పాస్టరు మాత్రం దయతలిచి, బాప్తిస్మం లేని ముసలిదైనా ప్రార్థన చేస్తానన్నాడు. నాయనమ్మను ప్రార్థనతోనే మట్టిలో పెట్టారు. దారిపొడుగునా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. మా వాడలో అంత నిశ్శబ్దంగా ఎవరూ పోలేదు. పాడె మోస్తున్న నాయిన వేళ్లు వెదురుమీద కదులుతూనే ఉన్నాయి.

ఊళ్లో ఉండలేక నాయిన మిర్యాలగూడలో తోళ్ల దుకాణంలో పనికి పోయాడు. నిజాం రాజ్యం పోయింది. ఇంగ్లీషోళ్లు అంతకుముందే పోయారు. ఇక మా దొరసాని కూడా తన దేశానికి పోతానంది. సాగనంపడానికి హైదరాబాదు నుంచి తెల్లవాళ్లు వస్తున్నారు. వాళ్లకు ఈ దేశపు వాయిద్యం వినిపించాలని ఆమెకు ముచ్చట పుట్టింది.

"నీ తండ్రిని పిలిపించుము. అతడు ఈ డప్పును వాయించవలెను" అంది నాతో. ఆమె తెలుగు బైబిల్లోంచి దిగి వచ్చినట్టుండేది.

"పేరు కొట్టేస్తరు గదమ్మా" అన్నాను.

"నేను చెప్పినప్పుడు పాపము లేదు" అంది నవ్వుతూ.

మిర్యాలగూడ బస్సులో నాయిన వచ్చాడు, ఊరి నుంచి అమ్మా వచ్చింది. రాడనే అనుకున్నాను, రావద్దని కూడా కోరుకున్నాను. ఆయన గోడమీది డప్పు దించి, తోలుమీద అరచెయ్యి వేసి నిమిరాడు. బంగళా ముందు కాస్త వరిగడ్డి వేసి మంట పెట్టాడు. కాచకపోతే డప్పు పలకదు. కుర్చీల్లో కూర్చున్న తెల్లవాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు. నాయినకు తొందర లేదు. తిప్పి తిప్పి కాచాడు, వేలితో కొట్టి చూశాడు, మళ్లీ కాచాడు. అప్పుడు భుజానికి వేసుకున్నాడు.

మొదటి దెబ్బకే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బోర్డింగులో మా వాడ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది పెళ్లి దరువు కాదు, జాతర దరువూ కాదు. సావు దరువు. ఇంటి వాకిట్లో మొదలై, పాడె లేచి, దింపుడుకల్లం దగ్గర ఆగి, మళ్లీ లేచి మట్టిదాకా పోయే దరువు. నాయిన ఒక్క మెట్టు కూడా తప్పించలేదు. దింపుడుకల్లం దగ్గర నిజంగానే ఆగాడు. అయిపోయిందనుకుని తెల్లవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే మళ్లీ అందుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, సిగ్గూ పడలేదు.

ముగిశాక దొరసాని మెరిసే కళ్లతో వచ్చింది. "ఇది ఏ పండుగకు వాయింతురు?"

"పండుగ గాదు దొరసానీ" అన్నాడు నాయిన. "మా అవ్వ సావుది."

ఆమె మొహం వాడిపోయింది. అర్థమైంది. కానీ అతిథులవైపు తిరిగి, సంతోషంగా సాగనంపే పాట అని ఇంగ్లీషులో చెప్పింది. అది అర్థమయ్యేంత ఇంగ్లీషు ఆమే నాకు నేర్పింది. నా ఒళ్లు మండిపోయింది.

డప్పును తనతో తీసుకుపోవచ్చా అని ఆమె మెల్లగా అడిగింది. నాయిన భుజంమీదినుంచి తీసి ఇచ్చేశాడు. "తీస్కపోండి. దానితోటి నా పని అయిపోయింది" అన్నాడు.

బస్సు దగ్గరికి ఆయన వెంట నడిచాను. బస్సు ఆలస్యం. గట్టుమీద కూర్చున్నాం. ఆయన చేతులు ఒళ్లో పడి ఉన్నాయి. ఒక్క వేలూ కదలడం లేదు. నాకు భయమేసింది. ఆ చెయ్యి తీసుకుని నా గుప్పిట్లో పెట్టుకుని, నేనే దానిమీద వేళ్లతో చిన్నగా కొట్టాను. నాయిన చెయ్యి లాక్కోలేదు. కదిలించనూ లేదు.