సుంకమ్మ మిద్దె

ఆదోని పక్క పల్లెలో సుంకమ్మ ఏటా వానలకు ముందు మట్టిమిద్దె మీద, కప్పు కారకుండా, తనే చౌడుమన్ను మోసి పరిచేది. ఆ మట్టికప్పు చలువకు ఎండాకాలంలోనూ ఫ్యాను వేసే పని పడలేదు. కూతురి పురుడికి పోయి నెల తర్వాత తిరిగొస్తే, మిద్దె లేదు! మొండిగోడలే మిగిలినాయి. చేతిసంచి గడపలోనే దించింది.

"ఇంక నీకు చౌడు మోసే బాధ లేదమ్మా. స్లాబు వేయిస్తాండా. ఉక్కపోతకు ఏసీ గూడా తెచ్చినా," అన్నాడు కొడుకు రామాంజి. కరెంటు తక్కువ వాడి బొగ్గుపొగ తగ్గించమని బళ్లో పిల్లలకు పాఠం చెప్పే అయ్యవారు వాడు.

సుంకమ్మ పక్కనే కుప్పబోసిన మిద్దె మన్నులోకి చెయ్యి పెట్టింది. ఆ మిట్టమధ్యాహ్నం గూడా లోపల చల్లగా తగిలింది.

"దీన్ని పారేసి దాన్ని కొనుక్కొచ్చినావా? నీకు సదువు చెప్పినోడు ఎవడురా!"