ఉప్పు మాస్టరు ఆపరేషన్

కార్ఖానా క్యాంటీన్లో ఆయన్ని అందరూ ఉప్పు మాస్టరనే పిలుస్తారు. గంగాళమంత కూరకీ ఉప్పు ఒక్కసారే వేస్తాడు. వేశాక మాత్రం నోట్లో వేసుకుని చూడందే పొయ్యి మీంచి దించనివ్వడు. అలాంటి మనిషికి మింగుడు పడకుండా పోయింది. ఆ దేవుడి ఎకసెక్కానికి నవ్వాలో ఏడవాలో భార్యకి తెలిసేది కాదు.

మొదట గట్టి ముద్దలు అడ్డం పడేవి, తర్వాత మెత్తనివీ అంతే. చివరికి తాగిన నీళ్లు కూడా గుండెల దగ్గర ఆగిపోయి, పడుకుంటే వెనక్కి తన్నుకొచ్చేవి. మనిషి చిక్కి శల్యమయ్యాడు. “నీ వంట తినలేనివాడివి నువ్వొక్కడివే మాస్టరూ” అని తోటివాళ్లు వేళాకోళం చేస్తే ఆయనా నవ్వేవాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయేది.

పెద్ద డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. “ఆహారనాళం కడుపులోకి తెరుచుకునేచోట కండ బిగుసుకుపోయింది. పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి ఆ కండని చీలుస్తాం. దారి తెరుచుకుంటుంది. అయితే మీరు తిన్నది కిందికి దిగదు, గొట్టంలోనే నిలవుంటుంది. మత్తులో ఉండగా అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణం మీదికొస్తుంది. ఆపరేషన్ అయ్యేదాకా పల్చటి నీళ్లలాంటివి తప్ప గింజ కూడా వద్దు.”

ఆ మాట ఆవిడ కొంగున ముడేసుకుంది. వంటగదికి తాళం పెట్టింది. తను తినాలన్నా పొరుగింటికి పోయి దొంగలా తినొచ్చేది.

ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున ఆయన చొక్కా తొడుక్కున్నాడు. క్యాంటీన్లో మేనేజరు వీడ్కోలు విందు. వంటంతా అక్కడే ఆయన దగ్గర పనిచేసే ఆవిడ తమ్ముడి నెత్తిన పడింది.

“వాడొక్కడే అవస్థ పడుతున్నాడు. పొయ్యి దగ్గర కాసేపు నిలబడి వస్తా.”

“నోట్లో ఏదైనా పడిందో, చూడండి మరి!”

“పిచ్చిదానా, నా ప్రాణం మీద నాకు తీపి లేదా?”

సాయంత్రం వచ్చాడు. చాన్నాళ్లకి ఆయన మొహంలో కళ కనిపించింది. ఏమన్నా తిన్నారా అని ఆవిడ నిలదీస్తే, నీ మీదొట్టు, తినలేదన్నాడు. ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పి ఎరగడు. ఎందుకో మనసు కీడు శంకించినా, నమ్మింది.

మర్నాడు ఆపరేషన్ గది గుమ్మంలో మత్తు డాక్టరమ్మ అడిగింది. “ఏమైనా తిన్నారా?”

“లేదమ్మా.”

డాక్టరమ్మ చూపు ఆవిడ వైపు తిరిగింది.

“నేను కాపలా ఉన్నానమ్మా. మెతుకు ముట్టలేదు” అంది ఆవిడ, కాస్త గర్వంగానే. ఆయన్ని పడుకోబెట్టిన బండి లోపలికి వెళ్లింది. తలుపులు మూసుకున్నాయి.

అప్పుడొచ్చాడు తమ్ముడు, ఆయాసపడుతూ.

“బావని తీసుకెళ్లిపోయారా? నిన్న మాంసం అదిరిపోయిందని అందరూ ఒకటే పొగడ్త అక్కా! ఉడికిందంటే బావ నా మాట నమ్మితేనా? గంగాళం అడుగునుంచో ముక్క, మధ్యనుంచో ముక్క తీసి నమిలి చూసి, అప్పుడు దించనిచ్చాడు.”

ఆవిడ వాడి భుజం పట్టుకుంది. “నమిలి ఉమ్మేశారా?”

“పొయ్యి దగ్గర వంటవాడు ఉమ్ముతాడా అక్కా? చేతులు నరుకుతారు.”

“తినలేదని నా మీద ఒట్టేశారురా!”

“తినడమేంటక్కా, ఉప్పు చూశాడంతే” అన్నాడు తమ్ముడు. వాడి మొహంలో ఇసుమంతైనా బెదురు లేదు. వాడూ వంటవాడే. పొద్దుటినుంచి రాత్రిదాకా పాతిక గిన్నెలు రుచి చూసి, ఇవాళ పచ్చి మంచినీళ్లు ముట్టలేదని చెప్పే జాతి.

ఆవిడ రెండు చేతులతో తలుపు బాదింది. నర్సు సగం తెరిచి, అరవొద్దన్నట్టు వేలు చూపించింది.

“తిన్నారమ్మా! మాంసం తిన్నారు! నేను చెప్పింది తప్పు!”

నర్సు మొహం పాలిపోయింది.

“మత్తిచ్చేశారమ్మా” అంటూ, తలుపు కూడా వెయ్యకుండా లోపలికి పరుగెత్తింది.