ఊరికే బిర్యానీ పెట్టిన రోజు

వనపర్తిలో మల్లికార్జున్ కొత్త హోటల్ తెరుస్తూ, తొలిరోజు బిర్యానీ ఊరికే పెడతానని ఆటోలో మైకు పెట్టి చాటించాడు. వంట సవారమ్మది. ఆమె ఏళ్ల తరబడి పెళ్లిళ్లకు వండిన మనిషి. ఆమె వంట దగ్గర ఎవరూ ఆకలితో లేచింది లేదు.

పెళ్లికైతే ఒక అంచనా ఉంటుంది, మైకుకేముంది? పల్లెల నుంచి కూడా జనం దిగారు. మధ్యాహ్నానికే గుండిగలు ఖాళీ అయ్యాయి. తోపులాటలో అద్దం పగలగానే మల్లికార్జున్ షట్టర్ దించేశాడు.

"ఎనక నుంచి పోయి అయిపోయిందని చెప్పు, అత్తా. నన్ను చూస్తే కొడ్తరు," అన్నాడు.

సవారమ్మ వెళ్లి చెప్పింది. చాలామంది తిట్టుకుంటూ మళ్లారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు కొందరు మాత్రం కదల్లేదు. వాళ్లలో చంకలో పిల్లతో ఉన్న ఒకామె అడిగింది.

"పొద్దుగాల బస్సెక్కినం. ఉత్త బువ్వన్న లేదా, అక్కా?"

సవారమ్మకు నడుము పడిపోతోంది. అయినా లోపలికొచ్చి మళ్లీ ఎసరు పెట్టింది.

"ఎవరు పెట్టమన్నరు?" మల్లికార్జున్ అరిచాడు.

"పిలిచింది నువ్వు. వాళ్ల మొకాలు చూసింది నేను. జర పప్పు తియ్యి."

అతను గొణుక్కుంటూనే పప్పు బస్తా విప్పాడు. ఉన్నవాళ్లందరికీ వెనక వాకిట్లో పప్పన్నం వడ్డించారు. వాళ్లు వెళ్లాక సవారమ్మ గోడకు చేరగిలబడింది. మల్లికార్జునే ఆమెకు పళ్లెంలో అన్నం తెచ్చిచ్చాడు. ముద్ద కలిపింది గానీ, నోటిదాకా చెయ్యి లేవలేదు.