గవ్వలు లేని ఆట

ఈ వానలు మొదలైనప్పటికి పాపకు రెండున్నరేళ్లు. దానికి వచ్చిన మాటలు ఏడు. వేళ్లు మడిచి లెక్కపెట్టేదాన్ని. ఏడాదిన్నర వయసులో జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. ఆ జ్వరమే మాటల్ని ఆపేసిందేమోనని నా భయం. డాక్టరుగారు ఇంకొన్నాళ్లు చూద్దామన్నారు. కొందరు పిల్లలకి మూడేళ్లు నిండితే గానీ మాటలు రావని అత్తయ్యగారు అన్నారు. డిగ్రీ చదువుకున్నదాన్ని, వాళ్ల మాట వినాలని నాకు తెలుసు. విన్నాను. వేళ్లు మడవడం మాత్రం మానలేదు.

ఆ భయం గుర్తురాని గంట వారానికి ఒక్కటుండేది. ఆదివారం సాయంత్రం, మేడ మీద గదిలో, మా ఆట.

ఆ ఆటను ఇంటికి తెచ్చింది మా మరిది. ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాడు. హాస్టల్లో ఎవరో సీనియర్ దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకాన్ని జిరాక్స్ తీయించి తెచ్చుకున్నాడు. కోటలు, రాక్షసులు, మంత్రగాళ్లు ఉండే కథ. అతను చెబుతాడు, మేం అందులో మనుషులమవుతాం. తలుపు తెరవాలా, పారిపోవాలా అన్నది మేం చెప్పాలి. అనుకున్నది జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. పుస్తకంలో రాసిన ఇరవై ముఖాల పాచిక రాజమండ్రిలో ఏ కొట్లోనూ దొరకలేదు. అందుకని అత్తయ్యగారి వైకుంఠపాళి గవ్వలు ఆరు పట్టుకొచ్చాం. నాలుగు వెల్లకిలా పడితే అనుకున్నది జరిగినట్టు.

బి.ఎడ్. చదువుతున్న మా ఆడపడుచు అందులో కత్తి పట్టిన యోధురాలు. నేను పడవ నడిపే మనిషిని. ఒక నల్లటి నది మీద జనాన్ని దాటిస్తాను. నాలుగు నెలల్లో నా పడవ రెండుసార్లు మునిగింది. ఒకసారి మొసలి చెయ్యి పట్టుకుంది. నాకేమీ అనిపించలేదు. గవ్వలు అలా పడ్డాయి, అంతే. అలా జరగాలని ఎవరూ నోటితో అనలేదు.

గోదావరికి ఎర్రనీళ్లు వచ్చిన వారం మరిది గవ్వల్ని డబ్బాలో పోసి మూత పెట్టేశాడు.

"ఇవి బోరు కొట్టేశాయి వదినా. ఇంకో పద్ధతి ఉంది. ఆడదామా?"

"ఏంటది?"

"గవ్వలుండవు. పుస్తకం ఉండదు. నేను అడుగుతాను, మీరు చెబుతారు. చెప్పిందే జరుగుతుంది."

"అయితే నేను వారం వారం గెలుస్తాను," అంది ఆడపడుచు.

"అంత లేదే నీకు. ముందు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఏం పోయిందో నువ్వే నోరు విప్పి చెప్పాలి. అప్పుడే కథ కదులుతుంది."

మా ఇంట్లో బియ్యం అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గుమ్మం దాటేవాళ్లు ఎవరూ వెళ్తాననరు, వెళ్లొస్తానంటారు. చెడ్డమాట నోటి చివరిదాకా వచ్చినా మింగెయ్యమని మా అమ్మ నేర్పింది. ఇప్పుడేమో సరదాకి కూర్చుని ఆ మాటే పైకి అనాలట.

ఆ రోజు నేను చూస్తానన్నాను. ఆడపడుచు ఒక్కతే ఆడింది. ఏం పోయిందని మరిది అడగ్గానే, వేయించిన శనగలు నములుతూ, "చూపు. మా యోధురాలికి కళ్లు పోయాయి. ఇక చెవులతోనే యుద్ధం," అంది.

అప్పుడే అత్తయ్యగారు పాపను చంకనెత్తుకుని, డాబా మీద ఆరేసిన బట్టల కోసం పైకి వచ్చారు.

"సంధ్యవేళ ఏం మాటలే అవి! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. మనం ఏదంటే దానికి తథాస్తు అనేస్తారు."

"తప్పయిపోయిందమ్మా. ఈసారి ఇంగ్లీషులో అంటాలే, వాళ్లకి అర్థం కాదు."

"నీకే అర్థం కాదు నీ ఇంగ్లీషు, వాళ్లకేం అర్థమవుతుంది?" అన్నాడు మరిది. అందరం నవ్వాం. అత్తయ్యగారు నవ్వలేదు.

బుధవారానికి ఆడపడుచుకు కళ్లకలక వచ్చింది. వానాకాలం వీధిలో సగం మందికి వస్తుంది. వాళ్ల కాలేజీలోనే ఐదుగురికి ఉందట. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, "చూశావా వదినా, చెవులతో యుద్ధం," అని తనే నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత లోపలికి వెళ్లి పాప రెప్పలెత్తి చూశాను.

మావారు నిడదవోలులో పనిచేస్తారు, రోజూ పాసింజరులో వెళ్లొస్తారు. ఆయన బూట్లు విప్పుతుంటే విషయమంతా చెప్పాను.

"అంత భయమైతే మానెయ్. ఆటే కదా," అన్నారు.

నిజమే. కానీ మానేస్తే ఆ గంట కూడా ఉండదు. మీరు రాకపోతే ఆపేస్తానని మరిది చెప్పాడు, గవ్వల ఆటకి మాత్రం మళ్లీ వెళ్లడట. అదీగాక, శుక్రవారం పాప పీట మీద కూర్చుని ఊగుతూ "పలవ, పలవ" అంది. పడవ! ఆదివారాలు మెట్ల మీద అత్తయ్యగారి ఒళ్లో కూర్చుని విన్న మాట. ఎనిమిదో వేలు మడిచాను. ఆ మాట ఆ గదిలోంచే వచ్చింది. ఆ గదిని నేనెలా మూసెయ్యను? సరే, ఆడతానన్నాను.

రెండు రోజులు పోగొట్టుకోవడానికి పనికొచ్చే వస్తువు వెతికాను. పడవ పోయిందంటే ఇల్లు గుర్తొచ్చింది. తెడ్డు పోయిందంటే ఆయన ఉద్యోగం. చెయ్యి పోయిందంటే పాపకి అన్నం పెట్టే చెయ్యి. ఆ నది మీద ఏం ముట్టుకున్నా ఇటుపక్క నాదేదో ఒకటి కదిలేది.

ఆదివారం మరిది గొంతు తగ్గించి అడిగాడు. "నది మధ్యలో ఉన్నారు. అవతలి ఒడ్డు కనపడటం లేదు. నీళ్లు ఏదో ఒకటి ఇమ్మంటున్నాయి. ఏమిస్తారు?"

మెట్ల మీద పాప "పలవ, పలవ" అంటోంది. బయట వెలుతురు తగ్గుతోంది.

"గొంతు," అన్నాను. "నా గొంతు ఇచ్చేస్తాను."

నాకు గర్వంగా కూడా అనిపించింది. అది నాది, నా ఒక్కదానిదే. పైగా గొంతే లేనిదాని నోట చెడ్డమాట ఎలా వస్తుంది?

"అబ్బ, భలే ఇచ్చారు వదినా!" అన్నాడు మరిది.

"అయితే ఇక మాట్లాడదా?" అని అడిగింది ఆడపడుచు.

"మాట్లాడదు," అన్నాను.

మెట్ల మీద "పలవ" ఆగిపోయింది.

అత్తయ్యగారు పాలు పట్టడానికి పాపను కిందికి తీసుకెళ్లారు, అందుకే ఆగింది. నాకు తెలుసు. కానీ నేను ఇచ్చిందేమిటో ఆ నిశ్శబ్దంలోనే తెలిసింది. పాప ప్రాణానికీ, కళ్లకీ, కాళ్లకీ రెండు రోజులు కాపలా కాసి, వేళ్ల మీద లెక్కపెట్టుకునే మాటల్నే మరిచిపోయాను. మాట్లాడదు అన్నాను. ఎవరు అన్నది చెప్పలేదు.

సోమవారం పాపకి జలుబు చేసింది. డాక్టరుగారు లైటు వేసి చూసి, గొంతు ఎర్రబడింది, సిరప్ వాడమన్నారు. ఇవాళ ఐదో రోజు. జలుబు తగ్గింది, గొంతులో ఎరుపూ లేదట. పిలిస్తే తిరిగి చూస్తుంది. పుస్తకంలో పడవ బొమ్మ చూపిస్తే వేలు పెడుతుంది. నోరు మాత్రం విప్పదు. మడిచిన వేళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

సాయంత్రం మరిదిని అడిగాను. "ఆటలో పోయింది మళ్లీ వస్తుందా?"

నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. "వస్తుంది వదినా. అడిగితే నది ఇస్తుంది. బదులుగా ఇంకోటి తీసుకుంటుంది."

"గవ్వలేసి తేల్చేద్దాం."

"గొంతు గవ్వలతో పోలేదు కదండీ, మీరు ఇచ్చారు. వెనక్కి తెచ్చుకోవాలన్నా మీరే చెప్పాలి." మళ్లీ తనే, "వద్దులెండి వదినా, ఆపేద్దాం," అన్నాడు.

"ఇప్పుడెలా ఆపుతాం?" అన్నాను. సంధ్యవేళ కాకుండా మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టమన్నాను. సరేనన్నాడు.

పాప నా పక్కనే నిద్రపోతోంది, నోరు కొంచెం తెరిచి ఉంది. ఇదంతా రాస్తున్న ఈ కాగితం వెనక, నేను ఇవ్వగలిగినవన్నీ వరసగా రాసుకున్నాను. ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. ఎల్లుండి మూడింటికి కూర్చున్నా నేనింకా నది మధ్యలోనే ఉంటాను. ఎంత గట్టిగా తెడ్డు వేసినా, ఒడ్డు చేరేసరికి పొద్దు వాలుతుంది.