ఎస్తేరమ్మ టీచరు సాక్ష్యం

పాలకొల్లులో ఎస్తేరమ్మ టీచరు గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఎవరైనా చిన్నబుచ్చితే కళ్ళద్దాలు తీసి పమిట చెంగుతో మెల్లగా తుడుచుకుంటారు, అంతే. ఆ మాటని మాత్రం తాళాల గుత్తిలా బొడ్లో దోపుకుని తిరుగుతారు. డిసెంబరు మొదట్లో, క్రిస్మస్ కేకులు చెయ్యబోతుంటే గ్యాస్ ఓవెన్ వెలగలేదు. చర్చిలో కానుకల సంచి పట్టే మెకానిక్ జయపాల్ వచ్చి, ఒక్క స్క్రూ కూడా విప్పకుండా, "దీని పనైపోయిందండి. పాత ఇనుముకి ఇచ్చేయండి. ఇలాంటివి ఆడవాళ్ళకి అర్థం కావులెండి," అనేసి వెళ్ళిపోయాడు. ఆమె అద్దాలు తుడుచుకున్నారు. తర్వాత సిలిండరు కట్టేసి, తలుపులు మూసి, చీకట్లో నేలమీద బోర్లా పడుకుని బటన్ నొక్కారు. టక్ టక్ మంటూ రవ్వ బర్నరు వైపు కాకుండా పక్కకి దూకుతోంది. రవ్వ పుట్టించే ఇగ్నైటర్ పింగాణీ వెంట్రుకంత పగిలింది. కొత్తది ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించి, తనే బిగించారు. ఓవెన్ నీలంగా వెలిగింది. పాతదాన్ని పారెయ్యలేదు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాలప్పుడు లేచి, పాత ఇగ్నైటర్ ఎత్తి చూపిస్తూ, "దేవుడు నా చేతుల్తోనే ఓవెన్ బాగుచేయించాడండి. పాపం, మన జయపాల్ బ్రదర్‌కి ఈ పగులు కనబడలేదు. ఆయన చూపు కోసం సంఘమంతా ప్రార్థన చెయ్యాలండి," అన్నారు. పాస్టరుగారు జయపాల్‌ని ముందుకి పిలిచి, మోకరింపజేసి, తలమీద చెయ్యి పెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఎస్తేరమ్మ టీచరు మాత్రం అద్దాలు శుభ్రంగా తుడిచి పెట్టుకుని, ఆమెన్ దాకా అతన్నే చూస్తూ నిలబడ్డారు.