దాచిన దగ్గు

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది చలికాలం. పురానాపూల్ దగ్గర మా ఇంట్లో పొద్దున్నే ముఖం కడుక్కుంటుంటే దగ్గు వచ్చింది. ఉమ్మిలో సన్నని ఎర్రచార కనిపించింది. చిగుళ్ల నుంచి వచ్చిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నా పేరు సత్తెమ్మ. భర్త పోయాక ఇరవై ఏళ్లు పాతబస్తీలో మంత్రసానిగా కాన్పులు చేశాను. దేవుడే నా చేత ఈ సేవ చేయిస్తున్నాడని అందరితో చెప్పేదాన్ని. లోపల మాత్రం నా చేయి పడితే చాలు, బిడ్డ బతుకుతుందన్న గర్వం. నా తర్వాత పని నేర్చుకున్న పోచమ్మను నలుగురిలో మొద్దుచేతులదని అనేదాన్ని.

ఆ నెలలోనే మొఘల్‌పురాలో హఫీజాబీ కోడలికి మగపిల్లవాడు పుట్టాడు. నలభై రోజులు నేనే వెళ్లి, వాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్లు పోశాను. దగ్గు వస్తే ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని.

"గీ దగ్గేంది సత్తెమ్మా, మస్తు రోజులాయె. దవాఖానల చూపించుకో," అంది హఫీజాబీ.

"ఏం ఫికర్ లేదు బీబీ. ఇంతమందికి పురుడు పోసిన. దేవుడు నన్ను చూసుకోడా?" అన్నాను.

సాయంత్రాలు జ్వరం, రాత్రిళ్లు చెమటలు. రవికెలు వదులయ్యాయి. రోగమని తెలిస్తే ఎవరూ పిలవరని అన్నీ దాచాను. ఒకరోజు బజారులో నోటినిండా రక్తం వచ్చి పడిపోతే, మా అన్న నన్ను దవాఖానకు తీసుకుపోయాడు.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగులో పట్టి చూశాడు. "ఎడమ లంగ్‌లో కావిటీ ఉంది, అంటే ఊపిరితిత్తి పుండుపడి గుంట అయింది. స్పుటం పాజిటివ్, కఫంలో క్రిములున్నాయి. టీబీ. ఎన్నాళ్ల నుంచి దగ్గు?"

"ఆరు నెలలాయె."

"ఏం పని చేస్తారు?"

చెప్పాను. ఆయన రాయడం ఆపాడు. "ఎవరెవరి పిల్లల్ని ఎత్తుకున్నారో గుర్తు తెచ్చుకోండి," అన్నాడు.

ఊరి బయట క్షయరోగుల దవాఖానలో చేర్చారు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి నింపేవారు. దాన్ని ఏ.పీ. అనేవారు; ఆ గాలికి ఊపిరితిత్తి ముడుచుకుని పుండు మానుతుందట. నాలుగో నెలలో ఆ పక్కనే ఫ్లూయిడ్, అంటే నీరు చేరింది. ఊపిరి అందలేదు. అది తీస్తూ ఇంకో రెండు నెలలు మంచం మీదే ఉంచారు.

ఆ రోజుల్లోనే మా అన్న వచ్చి చెప్పాడు. హఫీజాబీ మనవడికి జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోయిందట. టీబీ మెనింజైటిస్, రోగం మెదడు పొరలకు పాకింది అన్నారట. పిల్లవాడు దక్కలేదు.

నా వల్లనేనా అని డాక్టరును అడిగాను.

"మీ నుంచే వచ్చిందని రుజువు చేయలేను. కాదనీ చెప్పలేను," అన్నాడు.

చాలా రోజులు దేవుణ్ణి తలుచుకోవడానికి కూడా భయమేసింది. ఇన్నాళ్లూ నాకు నచ్చిన దారిన నడుస్తూ ఆయన్ను వెంట రమ్మన్నాను. దవాఖానకు పొమ్మని హఫీజాబీ నోట ఆయన చెప్పించిన మాట నా చెవికెక్కలేదు.

పక్క మంచం మీద ఒక పడుచుపిల్ల సూది చూస్తే వణికిపోయేది. "చేయి పట్టుకోండమ్మా," అంది నర్సు. పట్టుకున్నాను. అంతకుమించి నేను చేయగలిగిందేమీ లేదు. ఆ పిల్ల కూడా బతకలేదు.

ఏడాదిన్నర తర్వాత స్పుటం నెగెటివ్ అయ్యాక ఇంటికి పంపారు. మొదట హఫీజాబీ గడపకే వెళ్లాను. "దగ్గుల నెత్తురు చూసిన బీబీ. చూసి కూడా దాచిన," అన్నాను.

ఆమె తలుపు మీద చేయి వేసింది. "మాఫ్ చేసుడు నాతోని కాదు సత్తెమ్మా. అల్లా ఇష్టం. నువ్వు మా గల్లీకి రాకు," అని తలుపు వేసుకుంది.

మళ్లీ వెళ్లలేదు. కాన్పులు మానేశాను. పోచమ్మ వెళ్లే కాన్పులకు గుడ్డలు ఉడకబెట్టి, ఎండబెట్టి ఇస్తాను. మెట్లెక్కితే ఇప్పటికీ ఆయాసమే.

మొన్న హఫీజాబీ మా వాకిట్లోకి వచ్చింది. కూర్చోలేదు. "కోడలికి మళ్ల నెలలు నిండినయి. ఎవరిని పిలువాలె?" అంది.

"పోచమ్మను పిలువు బీబీ. నాకంటే మంచిగ చేస్తది."

తల ఊపి వెళ్లిపోయింది.

ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. దగ్గు మూడు వారాలు దాటితే, ఎంత పుణ్యకార్యంలో ఉన్నా చేతిలో పని ఆపి కఫం పరీక్ష చేయించుకోండి. రోగం లేదన్న చీటీ వచ్చేదాకా పసిబిడ్డను ఎత్తుకోకండి.